చవక ఎవరికి?

అమెరికాలో మామూలు కాన్పుకే పదివేల డాలర్లకు పైగా బిల్లవుతుంది. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రిలో అదే కాన్పు అందులో కొద్ది భాగంతో అయిపోతుంది. గల్ఫ్, ఆఫ్రికా దేశాల నుంచి రోగులు వైద్యం కోసం ఈ నగరానికి వస్తున్నారు. ఇదంతా చూపి, మన వైద్యం ఎంతో చవక అని పాలకులూ ఆసుపత్రుల యజమానులూ గర్వంగా చెప్పుకుంటున్నారు. డాలర్లున్న వారికి చవకే. రోజుకూలి మీద బతికే స్త్రీకి?

దేశాల మధ్య వైద్యం ఖర్చును పోల్చేటప్పుడు బిల్లు ఎంత అని మాత్రమే అడిగితే సరిపోదు. ఆ బిల్లు ఎవరు కడుతున్నారన్నదే అసలు ప్రశ్న. బ్రిటన్‌లో 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవ పన్నుల డబ్బుతో నడుస్తుంది. అక్కడి తల్లి కాన్పుకు ఏమీ చెల్లించదు. మనలాగే ఆసియా దేశమైన థాయ్‌లాండ్ 2002లో 30 బాట్లకే వైద్యం అందించే పథకం తెచ్చింది. నేడు అక్కడి మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు జేబులోంచి పెట్టేది దాదాపు పదో వంతే. మన దేశంలో, ప్రభుత్వ లెక్కల ప్రకారమే, 2021-22లో అది 39.4 శాతం.

ఈ తేడా చూడటానికి విదేశాలకు పోనక్కర్లేదు. కంచన్‌బాగ్ వెళితే చాలు. ప్రహరీగోడల లోపల రక్షణ పరిశోధనశాలలు, మిధాని, భారత్ డైనమిక్స్. అక్కడి పర్మినెంటు ఉద్యోగికీ కుటుంబానికీ జబ్బు చేస్తే ప్రభుత్వమో సంస్థో ఆదుకుంటుంది. ఆ పక్కనే హఫీజ్‌బాబానగర్‌లో ఇంట్లో కూర్చుని మిషను కుట్టే స్త్రీకి జ్వరమొస్తే ఆ రోజు కూలి పోతుంది, మందులచీటీ అప్పుగా మారుతుంది. నడిచిపోయేంత దూరంలోనే రెండు దేశాలు!

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లకు అక్కరకొస్తోంది, కాదనం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు కూడా. కానీ బీపీకీ షుగరుకూ రోజూ మింగే మాత్రలను అది కొనిపెట్టదు. బస్తీ దవాఖానాలో మందు లేని రోజున ఇంట్లో ముందుగా ఆగిపోయేవి ఎవరి మాత్రలు? భర్తవి కావు, పిల్లలవి కావు. మంచాన పడ్డ అత్తగారికి చాకిరీ చేసినందుకు ఆమెకు కూలి లేదు. ఆ చాకిరీ ఏ దేశపు ఖర్చుల పట్టికలోనూ ఎక్కదు.

డబ్బుతో కాక శరీరంతో కట్టే మూల్యం మరొకటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి ఎనభై పైనే. ఇన్ని కోతలూ తల్లీబిడ్డల క్షేమం కోసమేనని నమ్మగలమా?

ధరలు ఆకాశం నుంచి ఊడిపడవు. మందుపూత ఉన్న గుండె స్టెంట్లను లక్షకు పైగా అమ్ముతుండగా, 2017 ఫిబ్రవరిలో కేంద్రం పన్నులు కాక 29,600 రూపాయలకు మించరాదని నిర్ణయించింది. తలచుకుంటే తగ్గించవచ్చని దానితోనే రుజువైంది.

కాబట్టి మిత్రులారా, ఇకపై మన సర్వేల్లో వైద్యం ఖర్చును కూలి రోజుల్లో లెక్కిద్దాం. ఈ కాన్పుకు ఎన్ని రోజుల కూలి పోయింది, ఎంత అప్పయింది, ఎవరి మందు ఆగింది అని ఇంటింటా అడిగి రాద్దాం. ఆసుపత్రులన్నీ ధరలను, సిజేరియన్ల సంఖ్యను బోర్డు మీద రాసిపెట్టాలని, బస్తీ దవాఖానాల్లో ఏడాది పొడవునా మందులుండాలని పట్టుబడదాం. అమెరికా కంటే చవక అన్న మాట మనకు ఓదార్పు కాదు. వైద్యం మనకు హక్కు.