రంగుల బొమ్మ సాక్ష్యమా?

"కళ్ళారా చూశాక ఇంకా అనుమానమేమిటి?" అనే ప్రశ్న మనకు కొత్త కాదు. బాబా ఫోటోలోంచి విభూతి రాలిందంటే, ఎలా రాలిందో పరీక్షించాలంటాం. ప్రయోగశాల నుంచి వచ్చిన బొమ్మనైతే మారుమాట లేకుండా నమ్మేస్తాం. ఇది సరికాదని నా అభిప్రాయం.

మాల్డి ఇమేజింగునే తీసుకోండి. కాప్రియోలీ బృందం 1997లో వెలువరించిన పద్ధతి ఇది. పలుచగా కోసిన కణజాలం మీద మాట్రిక్స్ అనే రసాయనం పూస్తారు. లేజర్ తగలగానే అది ఆ శక్తిని పీల్చుకుని, కణజాలంలోని అణువులను అయాన్లుగా పైకి లేపుతుంది. చుక్కచుక్క దగ్గరా వాటి ద్రవ్యరాశి కొలిచి, ఏ అణువు ఎక్కడుందో కంప్యూటర్ రంగులతో పటం గీస్తుంది.

చిక్కంతా పూతలోనే ఉంది. వాకిట్లో నీళ్ళు ఎక్కువైతే ముగ్గు చెదిరిపోతుంది, నేల మరీ పొడిగా ఉంటే నిలవదు. ఇక్కడా అంతే. మాట్రిక్సును ద్రావణంగా చల్లితే, ఆ తడి అణువులను బయటికి లాగి స్ఫటికాల్లో కలుపుతుంది. ప్రొటీన్లకు ఇది అవసరం. కానీ తడి ఎక్కువైతే అణువులు ఉన్నచోటు వదిలి పక్కకు పాకుతాయి. చేత్తో ఎయిర్‌బ్రష్ పడితే నిన్నటి పూత, నేటి పూత ఒకేలా ఉండవు. యంత్రంతో చల్లితే వేగం, వేడి, ఎన్ని పూతలన్నవి అదుపులో ఉంటాయి.

హ్యాంకిన్, బార్క్‌లీ, మర్ఫీ 2007లో ఉత్పతన పద్ధతి చూపించారు. గాలి తీసేసిన పాత్రలో మాట్రిక్సును వేడిచేస్తే, ఆవిరై చల్లని స్లైడు మీద సన్నగా పేరుకుంటుంది. తడి లేదు, స్ఫటికాలు చిన్నవి. కొవ్వులకు చక్కగా పనికొస్తుంది. ప్రొటీన్లకైతే తర్వాత కాస్త తడి ఆవిరి పట్టించాల్సిందే.

అంటే పూత మారితే పటమూ మారవచ్చు. బొమ్మలో కనబడని అణువు కణజాలంలో లేదని చెప్పలేం. కణితి అంచు ఎక్కడ, మందు ఎంత దూరం చేరింది అనే పరిశోధనలు ఈ పటాల మీద ఆధారపడుతున్నప్పుడు ఇది చిన్న విషయమా?

అందుకే నేను మూడు ప్రశ్నలు అడగమంటాను. పూత ఎలా వేశారు? పక్కపక్క ముక్కల మీద రెండు పద్ధతులూ ప్రయత్నించారా? కణజాలం అంచు దాటి కూడా సిగ్నల్ కనబడిందా? కనబడితే అణువులు పాకాయేమోనని అనుమానించాలి. పది మైక్రాన్ల స్పష్టత అని గొప్పగా చెబితే, స్ఫటికం ఎంతుందో కూడా అడగండి.

ఇవేవీ చెప్పకుండా రంగుల బొమ్మ ఒక్కటే ముందు పెడితే, నేను దాన్ని సాక్ష్యంగా తీసుకోను. మీరేమంటారు?