గద్ద పేరు పెట్టి కోడిని రమ్మంటే

పోపుల డబ్బాలో దాచిన అయిదు వందల నోటు కనిపించకపోతే ముందు పనిమనిషి మీదికి అనుమానం పోతుంది. ఆ తర్వాతెప్పుడో ఉతకడానికి బట్టలు తీస్తుంటే, ఇంటర్ రెండో ఏడు చదివే కొడుకు జీన్స్ జేబులోంచి కళ్ళలో వేసుకునే చుక్కల మందు సీసా, సన్నటి కాగితాల అట్ట ఒకటి జారిపడతాయి. చుక్కల మందు కళ్ళ ఎరుపు పోవడానికి. కాగితాలు గంజాయి చుట్టుకోవడానికి. పాన్ డబ్బాలో ఓసీబీ అంటే ఇస్తారు. ఈమధ్య వాడు తన గదిలో అగరొత్తులు ఎందుకు వెలిగిస్తున్నాడో తల్లికి అప్పుడు తెలుస్తుంది. ఇన్నాళ్ళూ భక్తి అనుకుంది.

ఇప్పుడామె ఎవరికి చెప్పాలి? భర్తకు చెబితే కొడతాడు. కాలేజీకి చెబితే టీసీ చేతిలో పెడతారు. బంధువులకు చెబితే రేపు కూతురి సంబంధం దగ్గర ఆ మాట పైకి వస్తుంది. ఇక మిగిలింది గోడ మీద రాసిన నంబరు. తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972. రెండూ పోలీసు విభాగాలవే. నీళ్ళ దగ్గర్నుంచి ఆస్తుల దాకా దేనిమీదా కుదరని రెండు రాష్ట్రాలకూ ఈ విభాగాల పేరు దగ్గర మాత్రం భలే కుదిరింది: ఈగల్. ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో పెట్టుకుంది, తెలంగాణ 2025 జూన్‌లో తన నార్కోటిక్స్ బ్యూరోకు అదే పేరు ఖాయం చేసింది. సరుకు రవాణా చేసేవాణ్ణి తన్నుకుపోవడానికి అది చక్కటి పేరే. కానీ పల్లెలో పెరిగినవాళ్ళకు ఇంకొకటి కూడా తెలుసు. పెరట్లో గద్ద నీడ పడగానే తల్లికోడి పిల్లల్ని రెక్కల కింద దాచుకుంటుంది. మన ఇళ్ళలో జరుగుతున్నది సరిగ్గా అదే.

తమ దగ్గరికి వచ్చిన కుర్రాళ్ళను కౌన్సెలింగ్‌కు పంపుతున్నామని పోలీసులు చెబుతున్నారు. అది అబద్ధమని అనను. అలా పంపే అధికారులు ఉన్నారు. అయితే అర్ధరాత్రి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్న తల్లికి అవతల ఎత్తేది ఎలాంటి అధికారో తెలియదు. ఆమెకు తెలిసిందల్లా కేసు అయితే కొడుక్కి పాస్‌పోర్టు రాదేమో, ఉద్యోగం రాదేమో అన్న భయం. ఆ భయం తీర్చే మాట చట్టంలోనే ఉండడం ఇక్కడ విచిత్రం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, గంజాయి తాగినందుకు 6 నెలల దాకా జైలో, 10 వేల దాకా జరిమానానో, రెండూనో వేయొచ్చంటుంది. ఆ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైనవాడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్సకు చేరితే వాడినందుకు, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకు అతన్ని విచారించకూడదు. వాణిజ్య పరిమాణంలో పట్టుబడితే ఇరవై ఏళ్ళ జైలు అని రాసిన బోర్డులు చాలాచోట్ల చూశాను. 64ఏ గురించి రాసిన బోర్డు ఒక్కటీ చూడలేదు.

అయినా ఆ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. రక్షణ ఆస్పత్రితో ముడిపడింది. ఊళ్ళో అలాంటి ఆస్పత్రి లేకపోతే రక్షణా లేదు. చికిత్స మధ్యలో మానేస్తే దాన్ని వెనక్కి తీసుకోనూ వచ్చు. మత్తు వదిలించుకునేవాడు మళ్ళీ జారడం ఈ జబ్బులో మామూలు సంగతి. జ్వరం తిరగబెడితే రోగి మీద కేసు పెడతామంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. అంతకు ముందు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. ఆ లెక్కలు కిలోలతో సహా పత్రికలకు ఎక్కాయి. అదే కాలంలో ఎంతమంది పిల్లలకు వైద్యం అందింది, ఎంతమంది ఏడాది తర్వాత కూడా నిలబడ్డారు అన్న లెక్కను అధికారులు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పగా నేను వినలేదు. దేశం మొత్తానికి ఇప్పటికీ అందరూ ఉటంకించేది 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే. పిల్లల తరఫున ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో పిల్లల్లో మత్తు ఎంత ఉందో లెక్క తీయాలని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. నిషిద్ధ మాదకద్రవ్యాలకు బానిసలైన 20 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందుతోందని ఆ సర్వే తేల్చింది. మిగతా పంతొమ్మిది మంది రెక్కల కిందో, రోడ్డు మీదో ఉన్నారు.

రోడ్డు మీద అన్నమాట ఊరికే వాడలేదు. పెద్దల కంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఆ సర్వేలో ఒక్కటే: వాసన పీల్చేవి. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా ఉన్నవాళ్ళలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. గుడ్డపీలిక మీద సొల్యూషన్ పిండి ముక్కు దగ్గర పెట్టుకునే ఆ పిల్లాడి కోసం ఏ నంబరుకూ ఫోన్ చేసే తల్లి ఉండకపోవచ్చు. చికిత్స కోసం తల్లిదండ్రుల ఉద్యమం అనగానే గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు గుర్తొచ్చే వాళ్ళు ఈ పిల్లాణ్ణి కూడా తమ లెక్కలో వేసుకోవాలి.

చికిత్స కావాల్సినవాళ్ళు ఎంతమంది దాగి ఉంటారో హైదరాబాద్ ఒకసారి కళ్ళారా చూసింది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్‌కు కల్లు కాంపౌండ్లు మూతపడ్డాయి. ఆల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్ళు చేతులు వణుకుతూ, ఫిట్స్ వచ్చి, సంధి మాటలు మాట్లాడుతూ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. వాళ్ళంతా అంతకు ముందు వారం కూడా రోగులే. కాంపౌండ్ తెరిచి ఉంది కాబట్టి మన కంటపడలేదు.

సరే, తల్లి ధైర్యం చేసి బయటికి వచ్చిందే అనుకుందాం. ఆమెకు ఎదురయ్యేది చాలాచోట్ల ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటరు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపేవి ఉన్నాయి. రాత్రిపూట వ్యాన్ పంపి, నలుగురు మనుషులతో కుర్రాణ్ణి ఎత్తుకెళ్ళి, నెల రోజులు ఫోన్ కూడా ఇవ్వనివీ ఉన్నాయి. పదహారేళ్ళవాడిని ఇరవై ఏళ్ళుగా తాగుతున్న మనిషి పక్కన పడుకోబెడితే వాడు కొత్త పాఠాలు నేర్చుకుని వస్తాడు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇలా చేయొద్దనే చెబుతోంది. మత్తుకు సంబంధించిన మానసిక స్థితులు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. మైనర్లను పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, తల్లో తండ్రో వాళ్ళు పెట్టిన మనిషో ఆస్పత్రిలో తోడుండాలి, 72 గంటల్లోగా సమీక్షా బోర్డుకు తెలపాలి. గొలుసులతో కట్టేయకూడదని కూడా అందులో రాశారు. 2017లో అది రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. జిల్లాలో ప్రభుత్వ సేవలు లేకపోతే ఆ జిల్లాలోనే మరోచోట చేయించుకునే వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలని అదే చట్టం అంటోంది. ఈ హక్కును ఎన్ని కుటుంబాలు అడిగి ఉంటాయి?

తల్లిదండ్రుల వైపు కూడా ఒక భ్రమ ఉంది. ఇరవయ్యొక్క రోజుల కోర్సు చేయిస్తే పిల్లాడు కడిగిన ముత్యంలా తిరిగొస్తాడని నమ్ముతారు. గంజాయిని మాన్పించే మాత్ర అంటూ ఏదీ లేదు. మొదటి వారం నిద్ర పట్టదు, ఆకలి వేయదు, అయినదానికీ కానిదానికీ కోపం. ఆ గండం దాటాక నెలల తరబడి సాగే మాటల వైద్యమే అసలుది. ఇందులో తల్లిదండ్రులకు పని ఉంది. అమెరికాలోని న్యూమెక్సికోలో రాబర్ట్ మేయర్స్ అనే మనస్తత్వవేత్త కుటుంబాలకే శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటి రూపొందించారు. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, మత్తులో లేని రోజును ఎలా తీపి చేయాలి అన్నవి నేర్పుతారు. ఆ పద్ధతిలో మూడింట రెండొంతుల కుటుంబాలు చికిత్సకు ససేమిరా అన్నవాళ్ళను ఒప్పించగలిగాయని అధ్యయనాలు చెప్పాయి. బతిమాలడానికీ బాదడానికీ మధ్య ఇంకో దారి ఉందన్నమాట. మీ జిల్లా ఆస్పత్రికి వెళ్ళి ఈ శిక్షణ ఉందా అని ఒకసారి అడిగి చూడండి.

నివారణ సంగతి చెప్పాలంటే మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26 చాలు. ఎండలో నిలబెట్టిన పిల్లలు, ప్లకార్డులు, ప్రతిజ్ఞ, బెలూన్లు, మంచినీళ్ళ ప్యాకెట్లు. అమెరికాలో 1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలుపెట్టి పోలీసుల చేత బడుల్లో పాఠాలు చెప్పించిన ‘డేర్’ కార్యక్రమం మీద తర్వాత ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాడకం మీద దాని ప్రభావం నిలవలేదని తేలింది. ఐస్‌లాండ్ ఇంకో పని చేసింది. సాయంత్రం పూట పిల్లలకు ఆటలకు, సంగీతానికి డబ్బిచ్చింది. రాత్రివేళ తల్లిదండ్రులు వంతులు వేసుకుని వీధులు తిరిగారు. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో తప్పతాగామన్నారు. 2016 నాటికి అది 5 శాతం. అది మూడు నాలుగు లక్షల మంది ఉన్న చిన్న దేశం, మనకు అచ్చంగా సరిపోదు. కానీ ఉదయం ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా ఇంటర్ పిల్లాణ్ణి రెసిడెన్షియల్ కాలేజీలో కుక్కి, ఆటస్థలం అనేదే లేకుండా చేసి, తర్వాత వాడికి మత్తు వద్దని ఉపన్యాసం ఇచ్చే మనకు అందులో నేర్చుకోవాల్సింది కొంత ఉంది.

తల్లుల ఉద్యమం మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరు 1993 అక్టోబరు 1న సారాను ఆపించింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్ళింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ పోరాటం గొప్పతనాన్ని తక్కువ చేయను. కానీ దుకాణం మూయించమన్నది అందరికీ వినపడింది, తాగుడుకు బానిసైన భర్తకు వైద్యం ఎక్కడన్న ప్రశ్న పెద్దగా వినపడలేదు. అమెరికాలో కథ ఇంకా దారుణం. 1970ల చివర్లో అక్కడి మధ్యతరగతి తల్లిదండ్రులు గంజాయికి వ్యతిరేకంగా సంఘాలు కట్టారు, తర్వాత అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ అండగా నిలిచారు. ఆ భయాల వాతావరణంలోనే 1986 మాదకద్రవ్యాల చట్టం వచ్చి జైళ్ళను నల్లజాతి యువకులతో నింపింది. తర్వాత ఓపియాయిడ్ నొప్పి మాత్రలకు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వాళ్ళ ఫొటోలు పట్టుకుని అడిగింది జైళ్ళు కాదు, వైద్యం.

మనం మొదటే రెండోది అడుగుదాం. జిల్లా ఆస్పత్రిలో పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు వేరే వార్డు, వారం వారం తల్లిదండ్రులకు శిక్షణ, ప్రతి కాలేజీ బోర్డు మీద 64ఏ, చికిత్సకు వెళ్ళిన పిల్లాడికి టీసీ ఇచ్చి పంపకూడదన్న ఉత్తర్వు. ఎమ్మెల్యే ఊళ్ళోకి వచ్చినప్పుడు సీసీ రోడ్డుతో పాటు ఇదీ అడగాలి.

ఈలోగా నంబర్ల గందరగోళం గురించి ఒక మాట. మానస్ పేరుతో 2024లో వచ్చిన 1933 నంబరు కేంద్రంలోని నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోది. టెలీ-మానస్ పేరుతో ఉన్న 14416 ఆరోగ్య శాఖది. మత్తు మాన్పించే సలహా కోసం సామాజిక న్యాయ శాఖ పెట్టిన నంబరు వేరు, అది 14446. చివరి రెండింటిలో ఫోన్ ఎత్తేది పోలీసులు కాదు.