మసకబారిన కన్నులు – మన బాధ్యత



ఈ నెల ఒక తప్పు ఒప్పుకొని మొదలుపెట్టవలసి వచ్చింది. కొన్ని సంవత్సరాల క్రితం సికింద్రాబాదులో మా సంఘ సహోదరి ఒకరి ఇంట ప్రార్థన కూడిక జరిగింది. ఆమెకు అరవై అయిదు దాటాయి. "అయ్యగారూ, ఒక కన్ను మసకేసింది, బైబిలు అక్షరాలు అలుక్కుపోతున్నాయి" అన్నారు. మేము ప్రార్థన చేశాము, టీ త్రాగి వచ్చేశాము. ఆసుపత్రి మాట ఎత్తలేదు. ఆపరేషన్‌కు వెళ్తే విశ్వాసం తగ్గినట్లని ఆమె అనుకున్నారు. శుక్లం బాగా ముదరాలని ఇరుగుపొరుగువారు చెప్పారు. రెండేళ్లు గడిచాయి. ఒక రాత్రి ఆ కన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి వచ్చింది. ముదిరిపోయిన శుక్లం వలన కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతిన్నదని డాక్టరుగారు చెప్పారు. ఆ కంటి చూపు తిరిగి రాలేదు. రెండవ కంటికి సకాలంలో ఆపరేషన్ అయింది. ఆ ఒక్క కంటితోనే ఆమె నేడు వాక్యము చదువుకుంటున్నారు. "ఆ రోజు మీరు ఒక్క మాట చెప్పి ఉంటే వెళ్ళేదాన్ని కదా, అయ్యగారూ" అన్న ఆమె మాట మాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ముసలితనంలో ఇస్సాకుకు, యాకోబుకు, యాజకుడైన ఏలీకి కన్నులు మందగించాయని లేఖనము చెబుతుంది. చూపు తగ్గడం పాపము కాదు, వైద్యము చేయించుకోవడం అవిశ్వాసమూ కాదు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే కదా! ప్రార్థన చేసే చేతులే ఆసుపత్రికి చేయి పట్టుకొని నడిపించాలి.

శుక్లం అంటే కంటిమీద పెరిగే పొర కాదు. నల్లగ్రుడ్డు వెనుక అద్దంవలె ఉండే కటకమే తెల్లబడి మసకబారడం. వయస్సు ముఖ్య కారణము. చక్కెర వ్యాధి, కంటికి దెబ్బ, ఎక్కువకాలం స్టెరాయిడ్ మందులు వాడటం దానిని త్వరపెడతాయి. చుక్కల మందు శుక్లాన్ని కరిగించదు. ఆకు పసరు, తేనె, చనుబాలు కంటిలో పోయకండి, కన్నే పోవచ్చు. ముదిరేవరకు ఆగనక్కరలేదు. పనికి, చదువుకు, నడకకు ఇబ్బంది కలిగితే డాక్టరుగారిని అడగవలసిన సమయం వచ్చినట్లే.

పూర్వము కటకం తీసివేసి, సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి పంపేవారు. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు కంటిలోపలే కృత్రిమ కటకం అమర్చి దారి చూపారు. యుద్ధంలో విమానపు అద్దాల ముక్కలు పైలట్ల కళ్ళలో దిగినా, కన్ను వాటిని సహించడం ఆయన గమనించారట.

నేడు ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది చిన్న కోత ఆపరేషన్. సుమారు 6 మిల్లీమీటర్ల కోతతో కటకం తీస్తారు, సాధారణంగా కుట్లు అవసరముండదు. ముదిరిన శుక్లాలకు ఇది మంచి పద్ధతి, ఖర్చూ తక్కువ. రెండవది ఫేకో. 3 మిల్లీమీటర్ల లోపు కోతగుండా ధ్వని తరంగాలతో కటకాన్ని నలగగొట్టి పీల్చివేసి, మడిచిన కటకాన్ని లోపల విప్పుతారు. మనవాళ్ళు దీనినే లేజర్ అంటారు గాని ఇది లేజర్ కాదు. చిన్న కోత ఆపరేషన్ పేదవారి నాసిరకం వైద్యము కాదు. అనుభవముగల చేతిలో రెండూ మంచి చూపునిస్తాయి. మామూలు కటకం వేస్తే దూరపు చూపు బాగుంటుంది, చదవడానికి అద్దాలు కావాలి. ఖరీదైన కటకానికై పొలం తాకట్టు పెట్టకండి.

యౌవనస్థులు అద్దాలు తీసివేయడానికి లేసిక్ గురించి అడుగుతున్నారు. ఇందులో నల్లగ్రుడ్డు ముందున్న పారదర్శక పొరను లేజర్‌తో సరిచేస్తారు. 18 ఏళ్లు నిండి, కనీసం ఒక సంవత్సరం అద్దాల నంబరు మారకుండా ఉండాలి. ఆ పొర పలుచగా ఉన్నవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదు. నలభై దాటాక చదువు అద్దాలు రాకుండా ఇది ఆపదు. శుక్లమును ఆపదు. కొన్ని ఉద్యోగాలకు లేసిక్ విషయమై నియమాలున్నాయి గనుక ముందే విచారించండి. పెండ్లి చూపులకై తొందరపడి చేయించవద్దని తల్లిదండ్రులకు మా మనవి.

ఊళ్ళనుండి సికింద్రాబాదు స్టేషనులో దిగి "ఎక్కడికి వెళ్ళాలి, అయ్యగారూ?" అని అడిగేవారున్నారు. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది, పేదలకు అక్కడ ఉచిత వైద్యము కలదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు శిబిరాలలో ఎందరికో తమ చూపు తగ్గిన సంగతి మొదటిసారి తెలిసింది.

వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రలన్నీ తీసుకువెళ్ళండి, ముఖ్యంగా ప్రొస్టేట్ మాత్రల సంగతి దాచకండి. ఆపరేషన్ తరువాత కన్ను నలపకండి, నీరు తగలనీయకండి, చెప్పినన్నాళ్ళు చుక్కలు వేయండి. నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనబడితే ఆ పూటే వెళ్ళండి. కొన్ని నెలలకో, ఏళ్లకో మరల మసకేస్తే భయపడవద్దు, కటకం వెనుక పొరను నిమిషాలలో లేజర్‌తో సరిచేస్తారు.

బేత్సయిదా గ్రుడ్డివానికి మొదట మనుష్యులు చెట్లవలె కనబడ్డారు. ప్రభువు విసుగుకోలేదు, రెండవసారి చేతులుంచారు. వైద్యము కొద్దికొద్దిగా జరిగినా అది ఆయన పనియే.

ఈ ఆదివారం ఆరాధనకు ముందు మీ ఇంటిలోని పెద్దవారిని ఒక్కొక్క కన్ను మూసి గోడమీది క్యాలెండరు చదవమనండి. చదవలేకపోతే ప్రార్థన చేయండి. సోమవారం ఉదయమే ఆసుపత్రికి బయలుదేరండి. మేము ఆనాడు చెప్పని మాట ఇదే.