గోడ అందం సరే, పొగ మాటేమిటి?

ఈమధ్య మా పెనుగొండలో ఏ గృహప్రవేశానికి వెళ్లినా గోడలకూ సీలింగుకూ పీవీసీ షీట్లే. చెమ్మ కనబడదు, ఏటా సున్నాలు వేయించే బెడద లేదు, తడిగుడ్డతో తుడిస్తే చాలు. గోదావరి తేమకు ఇంతకంటే సుఖమేముంది అనిపిస్తుంది. అయితే "ఇది అంటుకోదమ్మా" అని కొట్టువాడు చెప్పే మాట పూర్తిగా నమ్మకండి.

పీవీసీ అంటే వినైల్ ప్లాస్టిక్కే. బరువులో సగానికి పైగా క్లోరినే కాబట్టి అగ్గిపుల్లకు భగ్గుమనదు. కానీ 80 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది. నీళ్లు మరిగేంత వేడి కూడా అక్కర్లేదన్నమాట! అమెరికాలో మన పిల్లల ఇళ్లకు బయట తొడిగే వినైల్ సైడింగూ ఈ సరుకే. పక్కన బార్బెక్యూ పొయ్యి పెడితే వంకర్లు పోతుంది. గదంతా అంటుకుంటే ఇదీ కాలి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వదులుతుంది. కంట్లో, ఊపిరితిత్తుల్లో ఉండే తడి తగిలితే అది యాసిడ్ అవుతుంది.

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు, 2025 మేలో హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది పోయారు. రెండుచోట్లా మంటకంటే పొగే ఎక్కువ ప్రాణాలు తీసింది. అక్కడ కాలింది పీవీసీ అని నేననడం లేదు. మూసిన చోట పొగ ఎంత పని చేస్తుందో చూడమంటున్నాను. వెనకటి తాటాకిల్లు అంటుకుంటే కప్పు కాలి పొగ పైకి పోయేది. ఏసీ కోసం కిటికీలు బిగించుకున్న గదిలో ఎటు పోతుంది?

అందుకే పొయ్యి వెనుక, దీపారాధన చేసే చోట ఈ షీట్లు వద్దు. టైల్సే మేలు. షీటు వెనుక వైర్ల అతుకులు దాచనివ్వకండి; తెరిచి చూసుకునే బాక్సులో ఉండాలి. మిగిలిన ముక్కల్ని నీళ్లు కాచే పొయ్యిలో అసలు పెట్టొద్దు. పొగ కమ్మితే వస్తువుల కోసం చూడకుండా, వంగి నడుస్తూ, వెనుక తలుపు మూసి బయటపడండి. ఆ తర్వాతే 101కి ఫోను.

షీటు రంగు ఏది కావాలో పనివాళ్లు మనల్నే అడుగుతారు. వైర్ల సంగతి మాత్రం మగవాళ్లతో మాట్లాడతారు. రోజులో ఎక్కువసేపు ఆ గోడల మధ్య ఉండేది మనం. ఆ సంగతీ మనమే అడుగుదాం.