భూమి లెక్కల ప్రోగ్రాములకు బహుపరీక్ష

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల రైతునకు నేడు పట్టా యనగా పెట్టెలోని కాగితము మాత్రము కాదు. కంప్యూటరులోని యొక పంక్తి. 2020 అక్టోబరు 29న ధరణి ప్రవేశించినది మొదలు సాగుభూముల రిజిస్ట్రేషనును, మ్యుటేషనును తహశీలు కచేరీలో నా యంత్రము ద్వారముననే జరుగసాగినవి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. పేరు మారినను మా ప్రశ్న మారలేదు: ఈ లెక్కలు నడపు ప్రోగ్రామును ఎన్ని విధముల పరీక్షించిరి?

మన పహాణీలలో 2.25 అనగా రెండెకరముల యిరువదియైదు గుంటలు, దశాంశము కాదు. దూరదేశపు ప్రోగ్రాము రచయిత దానిని దశాంశముగా నెంచె ననుకొందము. 3.25 నుండి 1.10 అమ్మిన 2.15 మిగులును, సరియే. పరీక్షకుడు సంతసించి చేవ్రాలు చేయును. కాని 4.05 నుండి 1.20 అమ్మినచో రావలసిన 2.25కు మారుగా 2.85 వచ్చును. రెండెకరముల యెనుబదియైదు గుంట లనగా నాలుగెకరముల యైదు గుంటలే గదా! అమ్మినవానికి అమ్మిన భూమియు మిగిలినది. కొన్నవాని గతి యేమి?

భూమి కొనువాడు పట్టా చూచినంతనే బయానా యీయడు. సేత్వారు చూపించును, హద్దురైతుల నడుగును, వారు తగవుపడిన చోటనే గొలుసు వేయించును. ప్రోగ్రాముల విషయమున నిదియే మార్గము. ఉదాహరణములతో నడపి చూచుట యొక పద్ధతి. దానికి తగిలిన తప్పు నిజము, తగులనివి యెన్నియో తెలియదు. నడపకయే పంక్తులను చదువు సాధనములు లేని తప్పులకును కేకవేయును. గణితనిరూపణ సమస్తమును కప్పును గాని పెద్ద ప్రోగ్రాములలో తరచు నడుమ చిక్కుకొనును. వీనిని వేరువేరుగా గాక కలిపి నడపవలెను. 2006లో బెంగుళూరు మైక్రోసాఫ్టు పరిశోధనాలయమునందలి శ్రీరామ్ రాజమణి, ఆదిత్య నోరి ప్రభృతులు ప్రకటించిన సినర్జీ పద్ధతి యిట్టిదే: నిరూపణ యనుమానించిన త్రోవకు పరీక్ష పోవును, పరీక్ష పోజాలని చోటు నిరూపణకు ఆధారమగును. ఆ వరుసలోని సాధనమునకు యోగి యని పేరు; కలుపువాని కది తగిన పేరే.

అయితే తప్పు పేరు ఎక్కించిన గుమాస్తా చేతిని ఏ సాధనమును పట్టజాలదు. సాధనమునకు నియమము చెప్పవలసినవారును మనుష్యులే. సర్వేనంబరు ఉపభాగముల మొత్తము మూలవిస్తీర్ణమును మించరాదనునది మన గ్రామములలో పిల్లవానికిని తెలిసిన నియమము. దానిని మొదట వ్రాసి, మూడు పద్ధతులను కలిపి పరీక్షించి, ఫలితమును తెలుగున మూడు జిల్లాల కలెక్టరు కచేరీలయందు ప్రకటింపవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.