లిఫాఫాలకు చాంద్ కనిపించదు

రంజాన్ ఎప్పుడొస్తుందో తెలియని ముసల్మాన్ ఇల్లు ఉండదు. అయినా షాబాన్ నెల సగానికి వచ్చేసరికి మన ఎన్నో ఇళ్లలో ఎవరో ఒకరు కర్జ్ కోసం తిరుగుతుంటారు. కొన్ని ఇళ్లలో భాభీ గాజులు తాకట్టుకు వెళ్తాయి. ఇబాదత్ నెల ఖర్చుల కోసం సూద్ కట్టడం నాకు ఎప్పటి నుంచో గుచ్చుకుంటున్న సంగతి. ఆమ్దనీ చాలకపోవడం ఒక కారణం, కాదనను. రోజు కూలీ మీద బతికే ఇంటికి హిసాబ్ పాఠాలు చెప్పే హక్కు నాకు లేదు. కానీ నెల నెలా ఒకటో తారీఖున జీతం పడే ఇళ్లలో కూడా ఇదే హాల్ ఎందుకు? ఈ మాటలు ఆ ఇళ్ల కోసమే.

మన అమ్మీలకు ఒక తరీఖా ఉండేది. బియ్యం డబ్బాలో కిరాయి పైసలు, పప్పు డబ్బాలో పాలవాడివి, ఖుర్ఆన్ షరీఫ్ పెట్టే తాక్ మీద ఒక పాత లిఫాఫాలో మస్జిద్ చందా, కొంగు ముడిలో సబ్జీకి. పప్పు డబ్బా ఖాళీ అయితే ఖాళీ అయినట్టే. కిరాయి డబ్బాలో చెయ్యి పెట్టాలంటే గుండె ఝల్లుమనేది. ఇదే తరీఖాను ఇంగ్లీషు వాళ్లు ఎన్వలప్ బడ్జెట్ అంటున్నారు. వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, పేరు పెట్టారంతే.

డబ్బాలను చంపేసింది ఫోన్. యూపీఐ 2016లో వచ్చింది. ఇప్పుడు పాన్ డబ్బా దగ్గర కూడా స్కాన్ చేస్తున్నాం. బ్యాంకులో ముప్పై వేలు కనిపిస్తే ముప్పై వేలూ మన చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. అందులో పన్నెండు వేలు ఇంటి ఓనర్‌వి, ఐదు వేలు స్కూలువి, రెండు వేలు రాబోయే బక్రీద్‌వి అని ఆ అంకె చెప్పదు. అమ్మీ డబ్బాలకు ఆ జుబాన్ ఉండేది.

అందుకే నేను లిఫాఫా సాఫ్ట్‌వేర్‌ల తరఫున మాట్లాడుతున్నాను. ఖర్చు రాసుకునే యాప్‌లు వేరు, ఇవి వేరు. ఖర్చు యాప్ నెలాఖరున మీరు బిర్యానీకి నాలుగు వేలు పెట్టారని చెబుతుంది. అప్పుడు తెలిసి ఏం ఫాయిదా? లిఫాఫా యాప్ ముందే పని చేస్తుంది. జీతం 45 వేలు పడిందనుకోండి. అది మొదట 'ఇంకా పంచనిది' అన్న చోట ఉంటుంది. అక్కడ సున్నా వచ్చే దాకా కిరాయి, కరెంటు, గోష్, సబ్జీ, ఫీజు, అమ్మీకి, ఈద్‌కు అని పంచాలి. ఆ తర్వాత ప్రతి ఖర్చూ ఏదో ఒక లిఫాఫా నుంచే పోతుంది. గోష్ లిఫాఫాలో 300 ఉండి మీరు 450 ఖర్చు చేస్తే 150 ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని దావత్ లిఫాఫా నుంచో, బట్టల లిఫాఫా నుంచో తీసి పూడ్చాల్సిందే. మిగిలింది వచ్చే నెలకు అలాగే వెళ్తుంది. రాని పైసలను పంచడానికి ఉండదు. చేతికొచ్చిన రిజ్క్ మాత్రమే. మనకు ఇది నచ్చకపోతే ఇంకేం నచ్చాలి!

ఏది వాడాలని చాలామంది అడుగుతారు. అన్నిటికంటే పేరున్నది యు నీడ్ ఎ బడ్జెట్, అంటే వైనాబ్. బాగుంటుంది, కానీ 2024 నుంచి ఏడాదికి 109 డాలర్లు, మన పైసల్లో తొమ్మిది వేలకు పైనే. దానికి మన బ్యాంకులు నేరుగా కలవవు కూడా. అమెరికాలో ఉన్న మనవాళ్లు వాడుకుంటే వాడుకోనీ. బడ్జెట్ నేర్చుకోవడానికి ఏడాదికో బక్రా ఖీమత్ కట్టమని నేనైతే చెప్పను. గుడ్‌బడ్జెట్ ఉచిత రకంలో కొన్ని లిఫాఫాలే ఇస్తారు, కానీ మియా బీవీ ఇద్దరి ఫోన్లలో ఒకే హిసాబ్ కనిపిస్తుంది. మొదలుపెట్టడానికి అది చాలు. యాక్చువల్ బడ్జెట్ 2022 నుంచి అందరికీ ఉచితం, హిసాబ్ మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కాకపోతే పెట్టుకోవడానికి కాస్త కంప్యూటర్ తెలిసిన పిల్లవాడు కావాలి.

గ్నూక్యాష్ పాతది, ఉచితం. అసలు అది మునీమ్ లెక్కల కోసం చేసింది. అందులో లిఫాఫాలు చేయడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. బ్యాంకు ఖాతా కింద కిరాయి, ఫీజు, ఈద్ అని చిన్న ఖాతాలు తెరవాలి. జీతం పడినప్పుడు వాటికి పంచి రాయాలి. చిన్నవన్నీ కలిపితే పై ఖాతా మొత్తం బ్యాంకు పాస్‌బుక్‌తో సరిపోతుంది. రియాళ్లు, దిర్హమ్‌లు కూడా పక్కపక్కనే రాసుకోవచ్చు కాబట్టి షౌహర్ సౌదీలో ఉన్న ఇళ్లకు ఇది బాగా కుదురుతుంది.

వీటిలో చాలా వాటికి మన బ్యాంకు నుంచి ఖర్చులు వాటంతట అవి రావు, చేత్తో ఎక్కించాలి. దీన్ని అందరూ తక్లీఫ్ అంటారు, నేను నేమత్ అంటాను. చాయ్‌కి ఇరవై అని రాస్తున్నప్పుడే కదా ఇవాళ ఇది నాలుగో చాయ్ అని తెలిసేది.

ఇంతవరకూ తారీఫ్. ఈ యాప్‌లలో మనకు సరిపడనిది ఒకటుంది. వాటి ఏడాది జనవరి నుంచి డిసెంబర్. మన ఏడాది చాంద్‌ది. ఇంగ్లీషు ఏడాది కంటే పది పదకొండు రోజులు చిన్నది. చిన్న ఫరక్‌లా కనిపిస్తుంది గానీ, జీతం మీద బతికే ఇంటికి అది ఒక్కోసారి ఒక నెల జీతమంత ఫరక్.

2025లో బక్రీద్ మన దగ్గర జూన్ 7న అయింది. జూన్ ఒకటో తారీఖు జీతం అప్పటికే చేతికొచ్చింది. 2026లో బక్రీద్ మే చివరి వారానికి జరిగింది. అంటే జూన్ జీతానికి ముందే. రెండు బక్రీద్‌ల మధ్య ఒకటో తారీఖులు లెక్కపెట్టండి. జూలై నుంచి మే దాకా పదకొండే. ఇప్పుడు కుర్బానీకి 24 వేలు కావాలని యాప్‌లో రాసి, తారీఖు జూన్ 7 అని, ప్రతి ఏడాదీ అని నొక్కారనుకోండి. నెలకు 2,000 పక్కన పెట్టమంటుంది. మీరు ఒక్క నెల కూడా తప్పకుండా పెడతారు. బక్రీద్ నాటికి లిఫాఫాలో 22 వేలే ఉంటాయి. బజార్‌లో బక్రా ముందు నిలబడి రెండు వేలు తక్కువ. మీ తప్పూ లేదు, యాప్ తప్పూ లేదు. దానికి చాంద్ కనిపించదు, అంతే.

దీనికి నా ఇలాజ్ చిన్నది. రంజాన్, ఈద్, కుర్బానీ, జకాత్ లాంటి చాంద్ ఖర్చులను పన్నెండుతో భాగించకండి, పదకొండుతో భాగించండి. 24 వేలకు నెలకు 2,200 అవుతుంది. ఈద్ కాగానే పాత తారీఖు కొట్టేసి, తరువాతి ఈద్ తారీఖు మీరే చేత్తో పెట్టండి, ఒక వారం ముందుకు జరిపి. 'ప్రతి ఏడాదీ' అన్న బటన్ జోలికి పోకండి. స్కూలు ఫీజు, బండి ఇన్సూరెన్స్ ఇంగ్లీషు ఏడాదివి, వాటికి ఆ బటన్ బేషుగ్గా పనికొస్తుంది. ఇంకొక సంగతి. 2030లో జనవరి మొదట్లో ఒక రంజాన్, డిసెంబర్ చివర్లో ఇంకొక రంజాన్ మొదలవుతాయి. ఒకే ఇంగ్లీషు ఏడాదిలో రెండు. 'ఏడాదికి ఒకసారి' అని నమ్మి కూర్చున్న యాప్ ఆ ఏడాది ఏం చెబుతుందో చూడాలి!

జకాత్ దగ్గర ఇదే ఫరక్ ఇంకా లోతుగా కోస్తుంది. ఉద్యోగస్తులు కొందరు మార్చి 31న లెక్కలు మూస్తారు కదా, జకాత్ కూడా అదే రోజు తీసేస్తుంటారు. సుమారు 33 చాంద్ సంవత్సరాలు గడిస్తే ఇంగ్లీషు లెక్కలో 32 ఏళ్లే. అంటే ఒక పూర్తి ఏడాది జకాత్ గరీబులకు చేరకుండా పోయినట్టే. ఇంగ్లీషు ఏడాది తప్పనిసరి అయిన చోట రెండున్నర శాతానికి బదులు దాదాపు 2.58 శాతం తీయమని ఉలమా చెప్పేది ఇందుకే. ఇంటి హిసాబ్‌కు ఆ మజ్బూరీ ఏముంది? మీరు నిసాబ్‌కు హక్దార్ అయిన చాంద్ తారీఖు ఒకటి పెట్టుకోండి, అదే నడపండి.

లిఫాఫాలు వాడేవాళ్లకు జకాత్ విషయంలో ఒక ధోకా కూడా పొంచి ఉంటుంది. లిఫాఫాలో పెట్టిన పైసలు ఖర్చయినట్టే దిల్‌కు అనిపిస్తాయి. యాప్ గొప్పతనమే అది. కానీ షరీఅత్ దృష్టిలో అవి ఇంకా మీవే. షాదీ లిఫాఫాలో 2,10,000, హజ్ లిఫాఫాలో 1,40,000, కుర్బానీకి 16,000, ఇంటి ఖర్చులకు 14,000 ఉన్నాయనుకోండి. జకాత్ రోజున లిఫాఫాల మీద పేర్లు చదవకండి, కింద మొత్తం చదవండి. 3,80,000. ఎవరికైనా 20,000 బాకీ ఉంటే అది తీసేయండి. మిగిలిన 3,60,000కి జకాత్ 9,000. 'షాదీ కోసం దాచింది కదా, దానికి జకాత్ ఎందుకు' అన్న మాట ఎన్ని ఇళ్లలో విన్నానో. కూతురి షాదీ ఇంకా కాలేదు, పైసలు ఇంకా మీ పేరు మీదే ఉన్నాయి. బంగారం వెండి సొమ్ములు ఈ యాప్‌లో కనిపించవు, వాటి హిసాబ్ వేరే కలపాలి. నిసాబ్ మన దగ్గర పాత లెక్కలో యాభై రెండున్నర తులాల వెండి, అంటే 612.36 గ్రాములు. ఆ రోజు బజార్ ధర చూసుకోవాలి. చిట్టీలు, ప్లాట్లు లాంటి చిక్కులుంటే మీ మస్లక్ ఆలిమ్‌ను అడగండి, యాప్‌ను కాదు.

జకాత్ లిఫాఫాలో పైసలు వేసేస్తే జకాత్ అదా అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. హక్దార్ చేతికి చేరినప్పుడే అది అదా అయ్యేది. తెరమీద అంకె మారితే ఏ బేవా ఇంట్లో పొయ్యి వెలగదు.

బ్యాంకు మూడు నెలలకోసారి సేవింగ్స్ ఖాతాలో వేసే సూద్‌కు ఒక లిఫాఫా తప్పకుండా ఉండాలి. అది పడిన రోజే, 'పంచనిది'లో కలవకముందే, నేరుగా ఆ లిఫాఫాలోకి తోసేయాలి. జీతంలో కలిసిపోతే పాలల్లో నీళ్లు వేరుచేసినట్టే. సవాబ్ నియ్యత్ లేకుండా గరీబులకు ఇచ్చేయాల్సిన పైసలవి. జకాత్‌లో జమ కట్టుకోవడానికి ఉండదు. లిఫాఫా పేరు నేనైతే 'నాది కాదు' అని పెట్టాను.

మన పెద్దవాళ్లలో ఒక మాట ఉంది. లెక్కపెడితే బర్కత్ పోతుందని. ఆ మాట చెప్పే నానీలను నేను ఎదిరించను, వాళ్లు గల్లా పెట్టె ముందు కూర్చుని రోజూ నోట్లు లెక్కించుకునే కంజూస్‌లను చూసి అన్న మాట అది. కానీ ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలో ఉంది, అది కర్జ్ ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసిపెట్టుకోవడం గురించి. యూసుఫ్ అలైహిస్సలాం ఏడు మంచి ఏళ్ల పంటను ఏడు కరువు ఏళ్ల కోసం దాచమన్నారు. తవక్కుల్‌కూ హిసాబ్‌కూ కొట్లాట పెట్టింది మనమే. నాకు కనిపించిందేమిటంటే, సదకాకు లిఫాఫా లేని ఇంట్లో ఫకీరు తలుపు కొట్టినప్పుడు చిల్లర వెతుకుతారు. లిఫాఫా ఉన్న ఇంట్లో అది అప్పటికే ఆయనది.

చివరికి నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ యాప్‌లన్నీ ఇల్లంటే ఒకే గల్లా అనుకుంటాయి. మియా జీతం, బీవీ జీతం ఒక్క చోట పోసి పంచమంటాయి. మన దీన్‌లో ఇంటి నఫఖా షౌహర్ జిమ్మేదారీ. బీవీ మెహర్, ఆమె సంపాదన, మైకేవాళ్లు ఇచ్చింది ఆమె సొంతం. ఆమె ఖుషీగా ఇంటికి పెడితే అది ఆమె ఎహ్సాన్. కానీ యాప్ వచ్చాక ఏమవుతోంది? టీచర్ ఉద్యోగం చేసే మన ఆడపిల్ల జీతం 'మన ఆమ్దనీ' అని ఎక్కుతోంది. ఆమె మెహర్ ఎఫ్‌డీ 'అత్యవసర నిధి' అన్న లిఫాఫాగా మారిపోతోంది. ఎవరూ లాక్కోలేదు, గట్టిగా మాట కూడా అనలేదు. రెండేళ్ల తర్వాత అడిగితే 'అది ఫ్రిజ్‌కు పోయింది కదా' అంటారు.

కాబట్టి ఆమెకు వేరే ఖాతా, వేరే లాగిన్. ఆమె ఇంటికి ఇచ్చే నెలనెలా మొత్తం ఎంతో ఆమే చెప్పాలి. ఇంటి హిసాబ్‌లో అది 'ఆమె ఇచ్చింది' అన్న పేరుతోనే ఎక్కాలి. అవసరానికి మెహర్‌లోంచి తీసుకుంటే ఇంటి హిసాబ్‌లో అది కర్జ్‌గా రాయాలి, తీర్చే దాకా ఎర్రగా కనిపించాలి. జేబు ఖర్చుకు మియాకొకటి, బీవీకొకటి, 'దేనికి పెట్టావ్' అని ఎవరూ అడగని చిన్న లిఫాఫాలు ఉండాలి. కలిసి ఉండే ఇళ్లలో అమ్మీకి ఇచ్చే పైసలు కూడా ఒక అంకెతో అక్కడే ఆగిపోవాలి. ఆ తర్వాత ఆమె అది పప్పు డబ్బాలో దాచుకుంటారో, చిన్న కూతురికి ఇస్తారో, మస్జిద్‌కు పంపుతారో యాప్‌లో రాయడానికి వరస లేదు.