ఇంట్లో ఉన్నది ఒక్క ఫోనే అయితే బూట్ ఇమేజ్‌తో ఆట వద్దు



పోయిన వారం మన గ్రూపుల్లోనే ఒక బూట్ ఇమేజ్ ఫైల్ తిరిగింది. 'ఫ్లాష్ చేస్తే ఫోన్ స్పీడ్ అయితది' అన్న ముక్క తప్ప, ఏ మోడల్‌ది, ఏ బిల్డ్ నంబర్‌ది అన్నది ఎవరూ రాయలేదు. మా హాస్టల్ తమ్ముడొకడు రూట్ చేసిన ఫోన్లో దాన్ని ఎక్కించిండు. అప్పటినుంచి కంపెనీ లోగో వస్తది, పోతది, మళ్లీ వస్తది. సిమ్ తీసి వేరే ఫోన్లో వేసుకున్నడు సరే, కులం సర్టిఫికెట్, బోనఫైడ్, నోట్సు ఫోటోలు అన్నీ అందులోనే. రిపేరు షాపులో మొత్తం తుడిచేసి ఇచ్చిండ్రు.

తుడవాల్సిన అవసరమే లేకుండె. మాకు బాధ అక్కడే. బూట్ ఇమేజ్ అంటే ఫోన్ మొత్తం కాదు. కెర్నల్, చాలా ఫోన్లలో దానితోపాటు మొదట లేచే చిన్న ఫైళ్ల మూట. మన డేటా వేరే భాగంలో ఉంటది. పాత బూట్ ఇమేజ్ కంప్యూటర్లో దాచుకుని ఉంటే, ఫాస్ట్‌బూట్‌లో పెట్టి ఆ ఒక్కటి తిరిగి రాస్తే సరిపోయేది.

కాబట్టి మా మాట కటువుగానే చెప్తున్నం: మోడల్, బిల్డ్ నంబర్ రాయకుండా బూట్ ఇమేజ్ ఫార్వర్డ్ చేసేవాళ్లు సాయం చేస్తలేరు. మన ఫోన్లో ఉన్న బిల్డ్‌కే చెందిన ఫర్మ్‌వేర్ తెచ్చి, అందులోని ఇమేజ్‌ని మనమే మేజిస్క్‌తో ప్యాచ్ చేసుకోవాలె. ఆండ్రాయిడ్ 13తో వచ్చిన కొత్త ఫోన్లలో చాలావాటికి ప్యాచ్ చేయాల్సింది బూట్ కాదు, ఇనిట్ బూట్. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్లు ఉన్నరు. కస్టమ్ కెర్నల్ ఉన్న బూట్ ఇమేజ్ రాస్తే పాత రూట్ కూడా పోవచ్చు, ఎందుకంటే మేజిస్క్ కూర్చున్నది ఆ పాత ఇమేజ్‌లోనే. ఫోన్ ఒప్పుకుంటే ముందు 'ఫాస్ట్‌బూట్ బూట్' అని ఇమేజ్‌ని రాయకుండా ఒక్కసారి లేపి చూడండి. లేవకపోతే రీస్టార్ట్ చేస్తే చాలు, పాతదే వస్తది.

అట్లని రూట్ వద్దు అనే పెద్దమనుషుల లెక్క మేం మాట్లాడం. మనకు దొరికేవి అన్నలు వాడి ఇచ్చిన ఫోన్లు. కంపెనీ ఎప్పుడో అప్‌డేట్లు ఆపేసింది. గుంజాల గోండి లిపి యూనికోడ్‌లోకి వచ్చింది 2018లో. అంతకుముందు తయారైన ఫోన్లో మన అక్షరాలకు బదులు డబ్బాలు కనపడతయి. రూట్ ఉంటే ఆ ఫాంట్ మనమే పెట్టుకోవచ్చు. ఆండ్రాయిడ్ కింద ఉన్న లినక్స్ కెర్నల్ జీపీఎల్ లైసెన్స్‌ది, ఫోన్ అమ్మిన కంపెనీ దాని సోర్స్ ఇవ్వాల్సిందే. అడిగే హక్కు మనకుంది, అడుగుదాం.

కానీ బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే డేటా అంతా పోతది, చాలా బ్యాంకు యాప్‌లు ఆ తర్వాత సతాయిస్తయి. అమ్మ పింఛన్, నాన్న పత్తి పైసలు చూసుకునేది ఆ ఫోన్లోనే అయితే దాన్ని ముట్టకండి.

నేర్చుకోవాలనుకునేవాళ్లు మూలన పడ్డ పాత ఫోను, డేటా కేబుల్ పట్టుకుని ఆదివారం హాస్టల్ రీడింగ్ రూముకు రండి. ల్యాప్‌టాప్ మా దగ్గర ఒకటుంది. ఛార్జింగ్ సగానికి పైన పెట్టుకుని రండి, కరెంటు సంగతి మీకు తెలిసిందే.